వేలు తీసిన తర్వాత

వేసవి, 96వ రోజు

ల్యాప్‌టాప్ పాడైతే ఫిర్యాదు ఒక్కటే చాలదు, రోజువారీ నమోదు కూడా రాయాలని మా కంపెనీ రూలు. ఏ రోజు ఏం జరిగింది, మనం ఏం చేశాం, రాసి ఉంచాలి. సర్వీసు వాళ్ళు అడిగితే చూపించాలి. పాడైన యంత్రంలో రాసి ఏం లాభం? అందుకే నోటుపుస్తకంలో రాస్తున్నాను.

పేరు: నీలవేణి. నివాసం: మిట్ట కాలనీ, నాలుగో వరుస, పదిహేడో చల్లగది. పని: వేలిపని, మురుగు విభాగం. లోపం: టచ్‌ప్యాడ్ ఎడమవైపు కింది మూల వేలిని పట్టించుకోవడం లేదు.

పొద్దున్న ఐదింటికి షిఫ్టు మొదలైంది. మొదటి గంట బాగానే నడిచింది. ఆరు దాటాక మురుగు తీసే యంత్రం తొండాన్ని ఎడమకు తిప్పబోతే తెర మీద బాణం కదల్లేదు. వేలెత్తి మళ్ళీ పెట్టాను. కదల్లేదు. మూడోసారి పెడితే ఒక్కసారిగా జానెడు దూరం గెంతింది. అక్కడ హైదరాబాదులో మురుగు నాలా మీద నిలబడ్డ యంత్రం తొండం కూడా అలాగే గెంతింది. చెవిలో సాయిలన్న నవ్వాడు.

"ఏమైంది చెల్లె, ఏనుగు తుమ్మిందా?"

"ప్యాడ్ మొరాయిస్తోందన్నా."

"జర పైలంగ. నేను కిందనే ఉన్న."

యంత్రానికి ఏనుగని పేరు పెట్టింది సాయిలన్నే. నాలుగేళ్ళుగా ఇద్దరం దాని దగ్గరే పని చేస్తున్నాం. నేను ఇక్కడ గదిలో కూర్చుని వేలితో నడుపుతాను. అతను అక్కడ ఎండకు తాళేందుకు మంచుచొక్కా తొడుక్కుని మురుగు గుంటల మూతలు తీస్తాడు, తొండం చివర ఉన్న పంజాకు చిక్కుకున్న చెత్తను లాగేస్తాడు. కెమెరాలో నాకు కనిపించేది అతని వీపు, చేతులు. ముఖం ఎప్పుడూ చూడలేదు. కుడి మణికట్టు మీద పచ్చబొట్టుంది. అది తేలని నేననుకున్నాను. కాదట, పీతట. పొడిచినవాడికి బొమ్మ రాలేదట.

షిఫ్టయ్యాక సర్వీసుకు ఫోన్ చేశాను. మనిషి గొంతే కానీ మనిషి కాదు. చేతులు కడుక్కోమంది. కడుక్కున్నాను. పొడిగుడ్డతో ప్యాడ్ తుడవమంది. తుడిచాను. యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టమంది. పెట్టాను. బాణం కదిలింది. "మీ సమస్య తీరినందుకు చాలా సంతోషం" అంది.


వేసవి, 97వ రోజు

తీరలేదు. ఆరుంబావుకు మళ్ళీ అదే మూల మొద్దుబారింది.

ఈసారి గొంతు ఇంకా పెద్ద పట్టిక చదివింది. పై వరుసలో ప్యాడ్‌ను ఆపే మీట పొరపాటున నొక్కారేమో చూడండి. నొక్కలేదు. స్పర్శ తీవ్రత పెంచండి. పెంచాను. ప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించండి. దానికి గంటన్నర పట్టింది. ఛార్జర్ తీసి చూడండి. తీస్తే కొంచెం నయం. కానీ ఛార్జర్ లేకుండా షిఫ్టు సగం కూడా నడవదు.

మౌసు పెట్టుకోవచ్చా అని అడిగాను. కుదరదట. వేలు ఎంత నొక్కితే పంజా అంత పట్టు పడుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. మౌసుకు నొక్కుడు తెలియదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా అడిగాను.

చివరికి ఆ గొంతు, "మీ వేళ్ళు పొడిబారి ఉండవచ్చు. చలవ లేపనం రాసుకోండి" అంది.

మా ఆయన దాలినాయుడు మంచం మీంచి విన్నాడు. "నీ ఏళ్ళకేటి రోగం? నాలుగేళ్ళు బాగున్నవి ఇయాళ ఎండిపోనాయా?" అన్నాడు.

ఆయన ఉప్పుమడుల్లో పద్దెనిమిదేళ్ళు చేశాడు. మడులు సముద్రంలో కలిశాయి, ఆయన కిడ్నీలు మడుల్లోనే పోయాయి. మంగళవారం, శుక్రవారం కప్పుదారి గుండా నడిపించుకుని డయాలసిస్‌కు తీసుకెళ్తాను. బయటి ఎండ పావుగంట తగిలితే చాలు, పడిపోతాడు. ఈ చల్లగది వేలిపని వాళ్ళకే ఇస్తారు. సీటు ఉన్నన్నాళ్ళే గది.

లేపనం రాసుకున్నాను. ప్యాడ్ జిడ్డయింది. మళ్ళీ తుడిచాను.


వేసవి, 99వ రోజు

ఇప్పుడు ఎడమ మూల ఒక్కటే కాదు, మధ్య భాగం కూడా బిగుసుకుపోయింది. నొక్కితే లోపలికి దిగదు, రాయిమీద వేలు పెట్టినట్టుంది. ఇంకో సంగతి, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోవడం లేదు. ఓ పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. కింద మడతపెట్టిన అట్టముక్క పెట్టాను.

సూపర్‌వైజర్ లింగమూర్తి గారికి ఫోన్ చేశాను. మర్యాదగల మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవరు.

"మీరు అన్ని మెట్లూ పాటించారని సర్వీసు రాసిందమ్మా. కొత్తది కావాలంటే అభ్యర్థన పెడతాను. రావడానికి నలభై రోజులు పడుతుంది."

"అందాకా నేనేం చెయ్యాలి సార్?"

"సీటు ఖాళీగా ఉంచడానికి లేదు కదమ్మా. వేరేవాళ్ళని పెడతాం. గది కూడా వాళ్ళకే వెళ్తుంది. కొత్తది వచ్చాక మీరు మళ్ళీ వరుసలో చేరవచ్చు."

"వద్దు సార్. దీంతోనే నడుపుకుంటాను."

"మంచిది. పనిచేస్తోందని రాసుకోమంటారా?"

"రాసుకోండి" అన్నాను.


వేసవి, 101వ రోజు

పక్క గదిలో ఉండే కొత్తమ్మ పిన్నికి అరవై దాటాయి. ఊరు మునగక ముందు టెక్కలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపేది. ఇప్పుడు ఆ పని నేరం. యంత్రం అడుగున కంపెనీ సీలుంటుంది, అది తెంపితే సీటు పోతుంది. తెంపిన వాళ్ళను కాలనీలోంచే పంపేస్తారు. ఆమె కూడా వేలిపనే, ఎక్కడో రేవులో పెట్టెలు దించుతుంది.

మధ్యాహ్నం డబ్బాలో చింతచిగురు పప్పు పట్టుకొచ్చింది. చింతచిగురు నిజందే, ఎక్కడ సంపాదించిందో చెప్పలేదు. బల్ల మీద ల్యాప్‌టాప్ చూసి డబ్బా కింద పెట్టేసింది.

"ఏటే ఇది, ఇలగ పొట్టొచ్చీసింది?"

"ప్యాడ్ పనిచెయ్యట్లేదు పిన్నీ."

"ప్యాడ్ కాదే. ఇలగ తే."

వెనక్కి తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. తలుపు గడియ పెట్టమంది. నేను వద్దంటూనే ఉన్నాను, ఆవిడ జడపిన్ను వంచి సీలు తెంపేసింది. స్క్రూలు తీయడానికి మా వంటగది చాకు మొన సరిపోయింది.

లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. నల్లటి రేకు సంచి ఉబ్బి, పైనున్న ప్యాడ్‌ను కిందనుంచి ఎత్తి పట్టుకుంది.

"సూసావా? ముందు మూల్ని బిగించీసింది, అందుకే నీ ఏలు దానికి తెలీలేదు. ఇంకా ఉబ్బిందనుకో, అడుగునుంచి అదే నొక్కీసుకుంతాది. నువ్వు ఏలు తీసీసినా ఏలున్నట్టే అనుకుంతాది. ఎక్కువేడెక్కితే అంటుకుంతాది కూడాను."

"దీనికి వేరే బ్యాటరీ..."

"ఎక్కడుంది? ఇది ఆళ్ళే ఇవ్వాల. దీంతో మరి పనిసెయ్యకు నీలా. ఇను నా మాట."

తన ఫోనుతో మూడు ఫోటోలు తీసింది. మళ్ళీ మూసి స్క్రూలు బిగించింది. మూత పూర్తిగా కూర్చోలేదు. సీలు ముక్కను గంజితో అతికించింది.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకునే, "లింగమూర్తికి సెప్పీ" అన్నాడు.

"సీలు తెంపామని చెప్పమంటావా? పిన్నిని పంపేస్తారు. మనల్నీ పంపేస్తారు."

పప్పు తిన్నాం. చాలా బాగుంది, అదీ రాస్తున్నాను.


వేసవి, 102వ రోజు

ఐదింటికి సీట్లో కూర్చున్నాను. నిన్న రాసింది చదువుకుని కూడా కూర్చున్నాను.

చల్లగా ఉంటే ఉబ్బు పెరగదేమోనని తడిగుడ్డ నాలుగు మడతలు పెట్టి, దాని మీద పళ్ళెం, పళ్ళెం మీద ల్యాప్‌టాప్ పెట్టాను. అరగంటకోసారి గుడ్డ మార్చాను. ఏడింటిదాకా బాగానే నడిచింది.

మూత తీస్తూ సాయిలన్న అడిగాడు. "చెల్లె, ప్యాడ్ బాగైందా? మొన్న తుమ్మింది గద, అప్పటిసంది పంజల చెయ్యి పెట్టాలంటే గుబులైతున్నది."

"బాగైందన్నా" అన్నాను.

"గట్లైతే సరే. నీ మాట మీదనే పెడుతున్న."

పంజాలోంచి పాత చీరముక్క లాగాడు. వేలు తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆరుసార్లు పెట్టాడు. ఆరుసార్లూ ఏమీ కాలేదు. ఆ లెక్కన ఎన్నాళ్ళయినా నడుస్తుందని నాకనిపించింది.


వేసవి, 103వ రోజు

ఎనిమిది దాటాక జరిగింది.

పంజాకు నైలాన్ తాడు చుట్టుకుంది. పైకెత్తి ఆపమన్నాడు. ఎత్తాను. ఆపాను. వేలు తీశాను. వేలు తీశాను. ఇది రెండుసార్లు రాయడం పొరపాటు కాదు.

అతను కుడిచెయ్యి లోపలికి పెట్టి తాడు పట్టుకున్నాడు. తెర మీద నొక్కుడు గీత ఉంటుంది. వేలు లేనప్పుడు అది అడుగునే పడుకుని ఉంటుంది. అది దానంతటదే లేచింది. నా రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. పంజా మూసుకోవడం మొదలైంది.

"అన్నా చెయ్యి తియ్యి!" అని అరిచాను.

"ఆపు చెల్లె! ఆపు!"

"నేను ముట్టుకోవట్లేదు!"

యంత్రం పక్కన దాన్ని ఆపే ఎర్ర మీట ఉంటుంది. అది అతనికి కుడివైపుంది. కుడిచెయ్యే లోపల ఉంది. ఎడమచేత్తో అందుకోబోయాడు, అందలేదు. నేను ప్యాడ్ మీద గుద్దాను, గోళ్ళతో గీకాను, ఛార్జర్ పీకాను. చివరికి ల్యాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టాను. తెర ఆరిపోయింది. లైను తెగిపోతే యంత్రం ఆగుతుంది. ఆగే ఉంటుంది. కానీ లైనుతో పాటు అతని గొంతూ పోయింది. ఆ తర్వాత అక్కడేం జరిగిందో నేను వినలేదు.

నేల మీద ల్యాప్‌టాప్ సన్నగా బుసకొట్టింది. మా ఆయన లేచి వచ్చి తలుపు దగ్గర నిప్పు కోసం ఉంచే బకెట్లోని ఇసుక దాని మీద పోశాడు. ఆయన తనంతట తాను లేచి నిలబడి మూడు వారాలైంది.


వేసవి, 104వ రోజు

లింగమూర్తి గారు ఇంకో ఇద్దరితో వచ్చారు. చేతులకు తొడుగులు వేసుకున్న ఇద్దరూ ల్యాప్‌టాప్‌ను ఇసుకతో సహా డబ్బాలో పెట్టారు. ఒకతను దాన్ని తిప్పి సీలు చూశాడు. వేలితో రుద్దితే గంజి పొడిగా రాలింది. లింగమూర్తి గారి వైపు చూశాడు. ఆయన వాళ్ళను బయట నిలబడమన్నారు.

"సాయిలన్న ఎలా ఉన్నాడు సార్?"

"ప్రాణానికి భయం లేదు. చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు."

పీత బొమ్మ ఉన్నది అక్కడే. ఆ సమయంలో నాకు అది గుర్తుకొచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"సార్, నేను వేలు తీసేశాను. బ్యాటరీ..."

"ఆగండమ్మా." ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "బ్యాటరీ గురించి మీకెలా తెలిసిందని అడగాల్సి వస్తుంది. నాకు అడగాలని లేదు. సీలు సంగతి నేను రాయను. మీరు బ్యాటరీ సంగతి ఎత్తకండి."

కాగితం తీశారు. 'సంఘటన సమయానికి టచ్‌ప్యాడ్ సక్రమంగా పనిచేస్తోంది. పరికరంలో లోపం లేదు' అని ఉంది.

"మరి తప్పు ఎవరిదని రాస్తారు? నాదనా?"

"మీది కాదు." ఇంకో కాగితం చూపించారు. సాయిలన్న వాంగ్మూలం. 'యంత్రం ఆగకముందే నేను హద్దు గీత దాటి చెయ్యి పెట్టినాను. నడిపే ఆమె తప్పు లేదు.' కింద ముద్ర. ఎడమ బొటనవేలిది.

"ఇది నిజం కాదు సార్. ఆగాకే పెట్టాడు."

"ఆయనే ఇచ్చారమ్మా. ఎవరూ బలవంతపెట్టలేదు."

"తన తప్పని రాసిస్తే అతనికి ఏమొస్తుంది?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "రూలు ప్రకారం ఏమీ రాదు."

మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. వద్దంటాడని, ఆ కాగితం చింపెయ్యమంటాడని ఎదురుచూశాను. అంటే చింపేదాన్నేమో. ఆయన తన చేతులవంక చూసుకుంటూ, "సంతకం ఎట్టీ నీలా" అన్నాడు.

సంతకం పెట్టాను. సాయిలన్న వాంగ్మూలం ఎలాగూ ఇచ్చేశాడు, నేను పెట్టకపోయినా అతని చెయ్యి తిరిగి రాదు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం ఎంత తేలికో, కలం మూత పెట్టేలోపే అయిపోయింది.

రోజువారీ నమోదు అడిగారు. 96 నుంచి 99 దాకా ఉన్న పేజీలు చింపి ఇచ్చాను. అవి చాలన్నారు.


వేసవి, 106వ రోజు

కప్పుదారిలో నీళ్ళ వరుసలో కొత్తమ్మ పిన్ని నా వెనక నిలబడింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఫోటోలు నా కాడున్నాయి. మీ సాయిలన్నకి పంపీమంతావా? యూనియనోడో లాయరో ఎవుడో ఒకడు సూస్తాడు."

"నీ ఫోనులోంచని తెలిసిపోతుంది పిన్నీ. నిన్ను పంపేస్తారు."

"పంపనీ. ఎండలో నానెన్నాళ్ళుంతానో అన్నాళ్ళే. ఆడికి సెయ్యి పోయింది. ఎర్రోడు, తప్పు నాదేనని రాసిచ్చీసేడంట. నువ్వు ఊఁ అను, సాలు."

నా ముందు ఇద్దరే ఉన్నారు. నా బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నాను.

"వద్దు పిన్నీ."

"నా కోసమా, నీ కోసమా?"

బిందె ముందుకు జరుపుకున్నాను. ఆవిడ ఇంకో వరుసలోకి వెళ్ళి నిలబడింది. అది పొడుగు వరుస.


వేసవి, 109వ రోజు

కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. నలభై రోజులన్నది ఐదు రోజుల్లో వచ్చింది. ప్యాడ్ నున్నగా ఉంది, ఊపిరి తగిలినా కదిలేలా ఉంది.

నాకు వేరే ఊరు ఇచ్చారు. కింద పనిచేసే అతని పేరు అడగలేదు. అతనూ నా పేరు అడగలేదు. పంజాలో చెత్త చిక్కుకున్నప్పుడల్లా, చెయ్యి పెట్టొద్దు, కర్రతో తియ్యమని చెప్తున్నాను. కర్రతో అయితే ఆలస్యమవుతుందని ఇవాళ నా మీద ఫిర్యాదు రాశాడు.

మధ్యాహ్నం పిన్ని గది ముందు నుంచి వెళ్తే తలుపు తీసే ఉంది. నన్ను చూసి మూసేసింది.


వేసవి, 121వ రోజు

తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున్న షిఫ్టు దిగి అన్నం వండుతున్నాను.

"చెల్లె, నేను సాయిలును."

స్టవ్ ఆపేశాను. ఎలా ఉన్నావని అడిగే హక్కు నాకు లేదనిపించింది. అతనే మాట్లాడాడు.

"నీ గది ఉన్నదా, తీసేసిండ్రా?"

"ఉందన్నా."

"గదే అడుగుదామని చేసిన. కంపెనీ సారు దవాఖానకు వచ్చిండు. నేను గీత దాటిన అని చెప్పకుంటే నీ మీదికి వస్తది, ఆమె గది పోతది అన్నడు. మీ ఆయనకు పానం బాగుండదంటివి గద, యాదికొచ్చింది. నా చెయ్యి ఎట్లైనా పాయె. రెండు ఇండ్లు ఎందుకు కూలాలె అని ఏలుముద్ర వేసిన."

వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దూరంగా ఎవరో అరుచుకుంటున్నారు.

అక్కడితో ఊరుకుని ఉంటే అతను నన్ను మంచిదాన్నని అనుకుంటూనే ఉండేవాడు. నా గురించి అలా అనుకునే మనిషి ఇంకెవరూ మిగల్లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అన్నా, ఆ ప్యాడ్ బాగవలేదు. బ్యాటరీ ఉబ్బి కిందనుంచి నొక్కేస్తోంది. వేలు తీసినా ఆగదని నాకు తెలుసు."

"ఇప్పుడు చెప్పిండ్రా నీకు?"

"కాదు. నీ చెయ్యి పోకముందే తెలుసు. రెండు రోజుల ముందే."

గిన్నెల చప్పుడు ఆగింది. బహుశా అతను పక్కకు నడిచాడేమో.

"ముందే ఎరికేనా?"

"తెలుసన్నా."

"మరి బాగైందా అని నేను అడిగిన గద."

"అడిగావు."

"బాగైంది అంటివి."

"అన్నాను."

తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను.

"ఎడమ చేత్తోని తినుడు నేర్చుకుంటున్న," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. "రెండు నెలలల్ల అలవాటైతది అన్నరు." తర్వాత, "ఈ నంబరుకు చెయ్యకు. నా బిడ్డ ఫోను ఇది" అన్నాడు.

పెట్టేశాడు. చెల్లె అనలేదు.

లోపల్నుంచి మా ఆయన అడిగాడు. "ఎవులే?"

"సర్వీసోళ్ళు."

"ఏటంట?"

"కొత్త ప్యాడ్ ఎలా పనిచేస్తోందని అడిగారు" అని చెప్పి, స్టవ్ మళ్ళీ వెలిగించాను.